తరగతి గదిలో మాటల లెక్క

అమెరికాలో ఇద్దరు ఆచార్యులు ఉపాధ్యాయుల సమావేశములలో ఒక చిన్న పరీక్ష జరిపిరి. ఒక తరగతి గదిలో జరిగిన చర్చను చిత్రించిన ఫిలిమును తెరపై చూపి, అది ముగిసిన పిమ్మట సభలోనివారిని ఒకే ప్రశ్న అడిగిరి: "ఈ చర్చలో ఎక్కువగా మాట్లాడినది ఎవరు? బాలురా, బాలికలా?" సభలోనివారు బోధనవృత్తిలో ఆరితేరినవారు. ఉపాధ్యాయులే కాక పాఠశాలలపై అధికారము నెరపు పెద్దలును అందుండిరి. వారిలో అత్యధికులు తడుముకొనక "బాలికలే" అని చెప్పిరి. పిమ్మట ఎవరు నోరు విప్పినను ఆ మాటను గుర్తించి లెక్కించుట జరిగినది. బాలికలు ఒక్క మాట పలికిన చోట బాలురు మూడు మాటలు పలికినట్లు తేలినది.

స్త్రీల సమానత్వమునకై పాటుపడుచున్న విద్యావేత్తలు సైతము లెక్క పెట్టునంతవరకు ఆ భేదమును పసిగట్టలేకపోయిరి. వారు అబద్ధమాడలేదు, వారి చెవికి నిజముగనే అట్లు వినబడినది. ఆడపిల్ల నాలుగు మాటలాడినచో వాగుడుకాయ యనియు, మగపిల్లవాడు పండ్రెండు మాటలాడినచో చురుకైనవాడనియు ఎంచుట తరతరముల అలవాటు. అలవాటు పడిన చెవి కొలబద్దగా పనికిరాదు.

ఆ ఆచార్యులు మైరా సాడ్కర్, డేవిడ్ సాడ్కర్ అను దంపతులు. వాషింగ్టను నగరములోని అమెరికన్ యూనివర్సిటీలో విద్యాశాస్త్రమును బోధించినవారు. ఈ అన్వేషణకు వారిని పురికొల్పినది గ్రంథములలోని ఏ సిద్ధాంతమో కాదు, స్వానుభవము. ఇరువురును మసాచుసెట్సు విశ్వవిద్యాలయములో డాక్టరేటు పట్టమునకై చదువుచుండిన దినములలో కలిసి ఆలోచించిరి, కలిసి వ్రాసిరి. కాని ఆ రచనలను గూర్చి ఇతరులు ప్రస్తావించునపుడు అవి డేవిడు వ్రాసినవిగనే ప్రస్తావించిరి. చర్చలలోను ఆయన మాటకు లభించిన మన్నన ఆమె మాటకు లభింపలేదు. ఎవరును ఆమెను దూషింపలేదు. ఎవరును ఆమెను తరగతిలోనికి రావలదనలేదు. ఆమె పేరు మాత్రము లెక్కలోనికి రాలేదు. ఒకే పనిని సమానముగ చేసిన ఇద్దరు విద్యార్థులు, అందును భార్యాభర్తలు, ప్రక్కప్రక్కన కూర్చుండి పొందిన అనుభవములు ఇంత భిన్నముగ నుండుట వారిని ఆలోచింపజేసినది.

1973లో మైరా, నాన్సీ ఫ్రేజియరు అను రచయిత్రితో కలిసి, పాఠశాలలలోని స్త్రీపురుష వివక్షను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆ విషయముపై ఉపాధ్యాయుల కొరకు వెలువడిన తొలి గ్రంథములలో అదియొకటి. అంతకు ముందటి సంవత్సరమే, 1972లో, అమెరికాలో ఒక ముఖ్యమైన చట్టము వచ్చియుండెను. కేంద్ర ప్రభుత్వ ధనసహాయము పొందు ఏ విద్యా కార్యక్రమమునందును స్త్రీపురుష భేదము పాటింపరాదని ఆ చట్టము శాసించినది. కళాశాలల ప్రవేశములలోను, క్రీడలలోను దాని ప్రభావము త్వరలోనే కనబడినది. ఇక చేయవలసినదేమున్నదని అనేకులు భావించిరి.

చట్టములు తలుపులు తెరువగలవు. తెలుగునాట ఆ తలుపు తెరచుటకు ఎంత శ్రమపడవలసి వచ్చినదో ఉపాధ్యాయలోకమునకు తెలియనిది కాదు. 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరములో బాలికా పాఠశాలను స్థాపించినపుడు ఆడపిల్లను బడికి పంపుటయే సాహసము. దాదాపు నూరు సంవత్సరముల తరువాత, భూగోళమునకు ఆవలి వైపున, సాడ్కరు దంపతులు వేసిన ప్రశ్న ఆ సాహసమునకు కొనసాగింపు వంటిది. తలుపు దాటి లోనికి వచ్చి బెంచీపై కూర్చున్న బాలికకు అచ్చట లభించుచున్నదేమి? ప్రక్క బెంచీలోని బాలునకు లభించుచున్నదే లభించుచున్నదా?

ఈ ప్రశ్నకు ఊహతో సమాధానము చెప్పరాదని వారు నిశ్చయించుకొనిరి. 1980ల తొలి సంవత్సరములలో అమెరికా జాతీయ విద్యాసంస్థ ధనసహాయముతో మూడేండ్ల పరిశోధన సాగినది. నాలుగు రాష్ట్రములలోను, రాజధాని ప్రాంతములోను 4, 6, 8 తరగతులకు చెందిన 100కు పైగా తరగతి గదులను వారి పరిశీలకులు స్వయముగ దర్శించిరి. పట్టణముల బడులు, శివారుల బడులు, పల్లెల బడులు అన్నియు అందుండెను. విద్యార్థులలోను, ఉపాధ్యాయులలోను నల్లవారును, తెల్లవారును, స్త్రీలును, పురుషులును ఉండిరి. బాలికలు రాణింతురని పేరుపడిన భాషాపాఠములు సగము, బాలురవని పేరుపడిన గణిత, విజ్ఞానశాస్త్ర పాఠములు సగము. ఫలితము ఏ ఒక్క ప్రాంతమునకో, ఏ ఒక్క పాఠ్యాంశమునకో చెందినదని త్రోసిపుచ్చుటకు వీలులేని ఏర్పాటది.

పరిశీలకుల పని పైకి చాల సామాన్యమైనది. పాఠము బాగున్నదా, ఉపాధ్యాయుడు మంచివాడా అను తీర్పులు వారి పని కాదు. ఉపాధ్యాయుడు ఎవరితో మాటలాడెను? పిలిచినందున విద్యార్థి పలికెనా, చేయి ఎత్తి పలికెనా, పిలువకయే పలికెనా? ఆ పలుకునకు ఉపాధ్యాయుని ప్రతిస్పందన ఎట్టిది? ఇవి మాత్రమే సంకేతములతో గుర్తింపవలెను. కిరాణా కొట్టులో చిట్టా వ్రాయు గుమాస్తా వంటి పని. విద్యాశాస్త్రమున గంభీరములైన పదముల క్రింద మరుగుపడిపోవు సత్యములు ఇట్టి చిట్టాలలోనే ఒక్కొక్కప్పుడు బయటపడును.

చిట్టా తెలిపిన మొదటి విషయము: అన్ని తరగతులలోను, అన్ని ప్రాంతములలోను, అన్ని పాఠ్యాంశములలోను సంభాషణపై ఆధిపత్యము బాలురదే. భాషాపాఠములును ఇందుకు మినహాయింపు కాలేదు. సంవత్సరము గడచిన కొలది ఆ ఆధిపత్యము పెరిగినదే కాని తగ్గలేదు.

రెండవ విషయము మరింత సూక్ష్మమైనది. విద్యార్థి సమాధానము చెప్పినప్పుడు ఉపాధ్యాయుడు స్పందించు విధములను వారు నాలుగుగా విభజించిరి. "భేష్, చాలా బాగా చెప్పావు" అనుట ప్రశంస. "తప్పు" అని ఖండించుట విమర్శ. "దగ్గరకు వచ్చావు, రెండో మెట్టు మళ్లీ చూడు" అని దారి చూపుట సవరణ. నాలుగవది, "ఊఁ, సరే" అని తల యూచి మరియొకరివైపు తిరుగుట. దీనిని అంగీకారమనిరి. ప్రతిస్పందనలలో సగమునకు పైగా ఈ నాలుగవదియే!

ఆ "ఊఁ, సరే" అనుదానిలో ఏమున్నదో ఒక్క క్షణము ఆలోచింపదగును. చెప్పిన సమాధానము ఒప్పా? సగము ఒప్పా? బాగున్నదా, ఇంకను బాగుపరుపవలెనా? ఆ మాట ఏమియు చెప్పదు. పాఠము ముందుకు నడచును, విద్యార్థిని ఉన్నచోటనే యుండును. బాలురకు ఈ నాలుగు విధముల స్పందనలును ఎక్కువగనే లభించినవి. కాని అంగీకారములో ఆ తేడా స్వల్పము. తేడా అధికముగ కనబడినది ప్రశంసలోను, విమర్శలోను, సవరణలోను. అనగా, విద్యార్థి బుద్ధిని పదును పెట్టెడి మాటలలో.

విమర్శ కూడ ఒక కానుకయా అని ఆశ్చర్యపడువారుందురు. చేతివ్రాత ముత్యములవలె నున్నదని మెచ్చుకొని నోటుపుస్తకము తిరిగి ఇచ్చివేయుటకంటె, "ఈ వాక్యంలో కర్త ఎక్కడ?" అని ఎఱ్ఱసిరాతో అడుగుట ఆ విద్యార్థిని యందు ఎక్కువ విశ్వాసము చూపుట. ఇంకను బాగుగ చేయగలవని నమ్మినవారినే గురువు సరిదిద్దును. ఆడపిల్ల నొచ్చుకొనునేమో, కంట నీరు పెట్టునేమో అను జాలితో ఆమె తప్పును చూచియు చూడనట్లు విడిచిపెట్టు ఉపాధ్యాయుడు దయాళువే. కాని ఆ దయకు మూల్యము చెల్లించునది ఆ బాలికయే.

మూడవ విషయము, పిలువకయే పలుకుటను గూర్చినది. చేయి ఎత్తక, అనుమతి కోరక, కూర్చున్నచోటనుండియే సమాధానమును బిగ్గరగా పలుకుటలో బాలురు బాలికలకంటె ఎనిమిది రెట్లు అధికులని వారు వ్రాసిరి. అల్లరి అచ్చట తక్కువ, ఇచ్చట ఎక్కువ అని దీనిని కొట్టివేయవచ్చును. అసలు విశేషము తరువాత జరిగినదానియందున్నది. బాలుడు అట్లు పలికినపుడు ఉపాధ్యాయుడు తరచుగ ఆ సమాధానమునే అందుకొని చర్చను నడపెను. బాలిక అట్లే పలికినపుడు, "చేయి ఎత్తి మాట్లాడాలి" అను నియమము జ్ఞాపకమునకు వచ్చెను. నియమము ఇరువురికిని ఒక్కటే. దానిని జ్ఞాపకము చేసికొనుటలోనే భేదము. అడగనిదే అమ్మయినా పెట్టదని సామెత. అడిగిన బాలికకు, అడుగు పద్ధతి ముందు నేర్చుకొమ్మని చెప్పి పంపివేసిన చోట ఆ సామెతకును అర్థము లేదు.

ఇది నాలుగవ తరగతిలో పుట్టిన అలవాటు కాదు. 1970లలోనే లీసా సెర్బిన్, డేనియల్ ఓలియరీ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు పసిపిల్లల బడులను పరిశీలించి ఒక చిత్రమైన విషయమును కనుగొనిరి. బాలుడు గదిలో ఏ మూలనున్నను ఉపాధ్యాయిని చూపు అతనిని వెదకికొని పోవును. బాలికపై ఆ చూపు పడవలెనన్నచో ఆమె దగ్గరకు వచ్చి నిలువవలెను. పనులు నేర్పుటలోను ఇట్టిదే భేదము. బాలునకు పని ఎట్లు చేయవలెనో వివరించి చెప్పి అతనిచేతనే చేయించుట, బాలికకు ఆ పనిని తామే చేసి పెట్టుట. కత్తెరతో కాగితము కత్తిరింపలేక చేయి చాచిన పిల్లదానికి గబగబ కత్తిరించి ఇచ్చివేయుట ఎంత సహజము! కత్తిరించుట మాత్రము ఆమెకు రాదు.

కూర్చుండు చోటునకును ఈ లెక్కలో పాలున్నది. సాడ్కరులు చూచిన తరగతులలో అనేకములందు బాలురొకవైపు, బాలికలొకవైపు గుమిగూడి యుండిరి. ఉపాధ్యాయుడు తెలియకయే సందడిగనున్న వైపునకు జరుగును, అచ్చటనే నిలిచి పాఠము చెప్పును, అచ్చటనే ప్రశ్నలడుగును. తెలుగుదేశమున బాలురును బాలికలును కలిసి చదువు ఉన్నత పాఠశాలలలో నడుమ దారి విడిచి రెండు వరుసల బెంచీలు వేయుట చిరపరిచితము. ఆ నడుమ దారిలో ఉపాధ్యాయుడు ఏ ప్రక్కకు ఎక్కువగ ఒరుగునో, నల్లబల్లవైపు తిరిగి మరల ఇటు తిరిగినపుడు ఆయన చూపు మొదట ఏ బెంచీపై వ్రాలునో, ఎదుట కూర్చున్న విద్యార్థులకు బాగుగ తెలియును. తెలియనిది ఆయనకే.

1990ల తొలినాళ్లలో ఒక అమెరికా టెలివిజన్ సంస్థ ఈ పరిశోధనను గూర్చి కార్యక్రమము రూపొందింపదలచి తరగతి గదులను చిత్రించినది. చిత్రములను చూచిన ఆ సంస్థవారికి మొదట ఏమియు కనబడలేదు. ఉపాధ్యాయిని సమర్థురాలు, ఓర్పు గలది, పిల్లలందరియందును ప్రేమ గలదిగనే తోచినది. సాడ్కరుల సూచనతో చిత్రమును మరల మరల త్రిప్పి చూచినపుడు గాని ఆ ఉపాధ్యాయిని మాటలును, సమయమును ఎటు ప్రవహించుచున్నవో వారి కంటబడలేదు. ఇందు గమనింపదగినది ఒకటున్నది. దంపతులు పరిశీలించిన ఉపాధ్యాయులలో స్త్రీలును ఉండిరి. బాలికలను చిన్నచూపు చూడవలెనని సంకల్పించి బడికి వచ్చినవారు కారు. సంకల్పమున్నచో దండింపవచ్చును, సంకల్పము లేని తప్పును చూపవలెను, అంతే.

బాలురందరును లాభపడిరని కూడ అనుకొనరాదు. ఈ పరిశోధనలో ఎక్కువమంది పాఠకులు మరచిపోవు భాగమిదియే. ఉపాధ్యాయుని దృష్టిలో అధికభాగమును కైవసము చేసికొనువారు ప్రతి తరగతిలోను ఇద్దరు ముగ్గురు. వారు తరచుగ బాలురే. కాని గంట మ్రోగువరకు ఒక్కసారియు పలుకక, పలుకరింపబడక లేచిపోవువారిలో బాలికలతోపాటు బాలురును కలరు. ఎక్కువ శిక్షలు పడువారును, తక్కువ మార్కులు తెచ్చుకొనువారును, చదువు మానివేయువారును బాలురలోనే ఎక్కువయని సాడ్కరులు స్పష్టముగ వ్రాసిరి. తమ గ్రంథములో ఒక అధ్యాయమును బాలురకే కేటాయించిరి. బిగ్గరగ మాటలాడు బాలుడు, దండన పొందు బాలుడు, మౌనముగ మిగిలిపోవు బాలుడు ఒకే గదిలోనివారే. లెక్క పెట్టుట ప్రారంభమైనచో బాలిక యొక్కతెయే కాదు, లెక్కకు రాని ప్రతి బిడ్డయు కనబడును.

మాటలనుండి పుస్తకముల యొద్దకు వచ్చినచో అచ్చటను ఇదే కథ. 1980లో సాడ్కరులు, ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో వాడుకలో నున్న 24 పాఠ్యగ్రంథములను పుటలు లెక్కించి చూచిరి. వానిలో 23 గ్రంథములు స్త్రీపురుష వివక్షకు తమ పుటలలో ఒక్క శాతమైనను ఇయ్యలేదు. రేపటి ఉపాధ్యాయుడు చదువు పుస్తకములోనే లేని విషయమును ఆయన తరగతిలో గమనింపలేదని నిందించుట న్యాయము కాదు. 2002లో డేవిడు, కారెన్ జిటిల్‌మన్ అను పరిశోధకురాలితో కలిసి అదే పనిని మరల చేసినపుడు ఆ భాగము 3 శాతమును కొంచెము దాటినది. ఇరువది యేండ్లకు ఇది అభివృద్ధియే. గర్వింపదగినంత అభివృద్ధి మాత్రము కాదు.

విద్యార్థులకు వారు పెట్టిన మరియొక పరీక్ష సులభముగ తోచును. అమెరికా చరిత్రలోని ఇరువదిమంది ప్రసిద్ధ స్త్రీల పేర్లు వ్రాయవలెను. క్రీడాకారిణులు, నటీమణులు, అధ్యక్షుల భార్యలు పనికిరారు. కొన్ని నిముషముల గడువు. సగటున నలుగురైదుగురి పేర్లకంటె ఎక్కువ వ్రాయలేకపోయిరి. తమ దేశచరిత్రను సంవత్సరముల తరబడి చదివిన పిల్లలు వారు. వేరొక ప్రశ్న: రేపు తెల్లవారి లేచునప్పటికి నీవు బాలుడవైనచో, లేక బాలికవైనచో, ఏమగును? బాలికలు అనేకులు తమకు కలుగు లాభములను ఏకరువు పెట్టిరి. బాలురలో అత్యధికులకు బాలికయగుటలో ఒక్క లాభమైనను తోచలేదు. ఆ కాగితములను చదివిన ఉపాధ్యాయునకు ఆ రాత్రి నిద్ర పట్టుట కష్టము.

ఇట్టి సాక్ష్యమే మరియొకచోటనుండియు వచ్చినది. డేవిడ్ వేడ్ చాంబర్స్ అను పరిశోధకుడు 1983లో ప్రకటించిన అధ్యయనములో 4,807 మంది పిల్లలను శాస్త్రజ్ఞుని బొమ్మ గీయుమని కోరిరి. స్త్రీని గీచినవారు 28 మంది. ఆ 28 మందియు బాలికలే. బాలురలో ఒక్కడును గీయలేదు. అప్పటినుండి అమెరికాలో జరిగిన ఇట్టి అధ్యయనములన్నిటిని 2018లో పోగుచేసి చూడగా, 1985 తరువాతి బొమ్మలలో సగటున 28 శాతము స్త్రీమూర్తులున్నట్లు తేలినది. 28 మందికిని, 28 శాతమునకును నడుమ ఒక తరము గడచినది. ఐనను పిల్లల వయస్సు పెరిగిన కొలది, అనగా బడిలో గడపిన కాలము పెరిగిన కొలది, పురుషుని గీయుటయే హెచ్చినదని అదే అధ్యయనము చెప్పుచున్నది.

సాడ్కరుల పరిశోధనల సారమంతయు 1994లో గ్రంథరూపమున వెలువడినది. దానికి ప్రశంసలతోపాటు విమర్శలును వచ్చినవి. క్రిస్టినా హాఫ్ సోమర్స్ అను రచయిత్రి 2000లో ప్రకటించిన గ్రంథములో, పాఠశాలలలో నిజముగ వెనుకబడుచున్నవారు బాలురేయని వాదించెను; ఎనిమిది రెట్లను సంఖ్యను సందేహించెను. మార్కులలోను, కళాశాల ప్రవేశములలోను బాలికలు ముందంజ వేయుచుండగా తరగతిలోని మాటల లెక్కకు ఇంత ప్రాధాన్యమేలయను ప్రశ్న తేలికగ త్రోసివేయదగినది కాదు. మార్కులు తెచ్చుకొనుటకు మాటలాడనక్కరలేదు. శ్రద్ధగ విని, చక్కగ వ్రాసిన చాలును. కాని చదువు ముగిసిన పిదప, పదిమందిలో లేచి తన అభిప్రాయము చెప్పవలసిన చోట, పరీక్ష పత్రములో చూపిన నేర్పు పనికిరాదు. ఆ అభ్యాసము జరుగవలసినది తరగతి గదిలోనే.

సంఖ్య విషయములో మాత్రము జాగ్రత్త అవసరమే. 1988లో ఇంగ్లండుకు చెందిన ఆలిసన్ కెల్లీ అను పరిశోధకురాలు అనేక దేశములలో జరిగిన ఇట్టి అధ్యయనములను కలిపి చూచి, తరగతి సంభాషణలలో బాలికల భాగము సుమారు 44 శాతమని తేల్చెను. మూడింటికి ఒకటి, ఎనిమిదింటికి ఒకటి అను సంఖ్యలవలె ఇది ఉలికిపాటు కలిగింపదు. నూటికి ఆరు తగ్గినచో మునిగినదేమి అనవచ్చును. కాని సమాధానము చెప్పుటకు చేతులెత్తుటలో బాలికలు వెనుకబడలేదని కూడ ఆమె కనుగొనెను. చేయి ఎత్తినది, పిలుపు రాలేదు. దినమునకు ఆరు పీరియడులు, సంవత్సరమునకు రెండువందల దినములు, పది సంవత్సరముల చదువు. స్వల్పమైన తేడా అంతకాలము ఒకేవైపునకు మొగ్గినచో అది స్వల్పముగ మిగులదు.

దిద్దుకొనుట సాధ్యమా? ఈ పరిశోధనలో ఉపాధ్యాయులు సంతోషింపదగిన భాగమిది. తమ తరగతిలో జరుగుచున్నది ఏమో చూపి, కొద్ది దినములు శిక్షణ యిచ్చినంతనే ఉపాధ్యాయుల పద్ధతిలో స్పష్టమైన మార్పు వచ్చినదని సాడ్కరులు తెలిపిరి. క్రొత్త భవనములు అక్కరలేదు, యంత్రములు అక్కరలేదు. తరగతిలో ఎవరెక్కడ కూర్చుందురో తెలుపు పటమును ఒక కాగితముపై గీచి, తోటి ఉపాధ్యాయుడొకడు వెనుక బెంచీలో కూర్చుండి, ఎవరికి ప్రశ్న వేసినను ఆ గడిలో ఒక గీత గీచినచో చాలును. తోటివాడు లేనిచోట తరగతిలోని ఒక విద్యార్థియే ఆ పని చేయగలడు. పీరియడు చివర ఆ కాగితమును చూచుకొనుటకు కొంత ధైర్యము కావలెను. ఇన్‌స్పెక్టరునకు చూపనక్కరలేదు. ఏ గడులు నల్లబడినవి, ఏ గడులు తెల్లగ మిగిలినవి అనునది తనకు తెలిసిన చాలును.

రెండవ ఉపాయము మౌనము. మేరీ బడ్ రో అను విద్యావేత్త 1970లలో ఉపాధ్యాయుల ప్రశ్నలను టేపు రికార్డు చేసి వినగా, ప్రశ్న వేసిన పిమ్మట వారు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుచున్నట్లు బయటపడినది. ఒక్క సెకనులో చేయి ఎత్తగలవాడు ముందే తెలిసినవాడో, తెలియకున్నను జంకు లేనివాడో అయియుండును. ఆ వ్యవధిని మూడు సెకనులకు పెంచినచో సమాధానములు దీర్ఘములైనవి, వింతగా క్రొత్త కంఠములు వినబడినవి, మందబుద్ధులని ఎంచబడినవారును పలికిరి. వారిని గూర్చి ఉపాధ్యాయుల అభిప్రాయమే మారినది. మూడు సెకనులు అల్పమే. ప్రశ్న వేసి నలువదిమంది ఎదుట నోరు మూసికొని నిలుచువానికి మాత్రము అది యుగముగ తోచును.

మైరా సాడ్కర్ ఈ ప్రచారమునంతను చూచుటకు ఎక్కువ కాలము జీవింపలేదు. గ్రంథము వెలువడిన మరుసటి సంవత్సరము, 1995 మార్చిలో, రొమ్ము కాన్సరుకు చికిత్స పొందుచు ఆమె మరణించెను. డేవిడు ఆ పనిని కొనసాగించెను. క్రొత్త పరిశోధనలతో, కారెన్ జిటిల్‌మన్ సహకారముతో, ఆ గ్రంథమును ఆయన 2009లో తిరుగవ్రాసి ప్రకటించెను. అప్పటికి మైరా మరణించి పదునాలుగేండ్లు. ఐనను అట్టపై ముగ్గురు రచయితల పేర్లున్నవి. డేవిడు పేరునకు ప్రక్కనే మైరా పేరున్నది.